రోడ్డంతా సోలార్ ప్యానెళ్లే పరిస్తే కరెంటు ఎంత వస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రోడ్లు పగలంతా ఎండలోనే ఉంటాయి, కొత్తగా భూమి సేకరించే పని లేదు, కాబట్టి తారుకు బదులు సోలార్ ప్యానెళ్లే పరిచి కరెంటు తీయవచ్చు కదా? ఫ్రాన్స్‌లో ఒక కిలోమీటరు వేశారని చదివారు, ఆ తర్వాత ఏమైందో తెలియలేదు. ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా దీన్ని తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. కరెంటు తప్పకుండా వస్తుంది. కానీ అంతే ప్యానెల్‌ను రోడ్డు పక్కన ఏటవాలుగా నిలబెడితే వచ్చేదానిలో మూడో వంతో నాలుగో వంతో వస్తుంది. ఖర్చు చాలా రెట్లు ఎక్కువ, ఆయుష్షు చాలా తక్కువ. అందుకే బండ్లు తిరిగే రోడ్డు మీద ప్యానెళ్లు పరచడాన్ని నేను సమర్థించను. ప్రాజెక్టుగా మాత్రం తీసుకోవచ్చు, కాకపోతే ప్రశ్నను కాస్త మార్చుకోవాలి. అదెలాగో చివర్లో రాస్తాను.

నా అనుభవం గురించి ఒక మాట. మొదట్లో చాలాకాలం రోడ్ల పేవ్‌మెంట్ (అంటే ఒకదానిమీద ఒకటి వేసే రోడ్డు పొరలు) డిజైన్, టెస్టింగ్‌లో పనిచేశాను. తర్వాత సోలార్ ప్లాంట్ల మెయింటెనెన్స్‌కు మారాను. ఈ సోలార్ రోడ్డు అన్న ఆలోచనను ఎలక్ట్రికల్ వాళ్లు చూస్తే రోడ్డంటే ఖాళీ స్థలమే కదా అనుకుంటారు. రోడ్డు వాళ్లు చూస్తే ప్యానెల్ అంటే ఒక గట్టి పలకే కదా అనుకుంటారు. రెండు పనులూ చేసినవాళ్లకు ఇబ్బంది ఎక్కడుందో తొందరగా కనిపిస్తుంది.

ఫ్రాన్స్ సంగతి చూద్దాం. నార్మండీ ప్రాంతంలో టురూవ్ర్ ఓ పెర్ష్ అనే చిన్న ఊరి దగ్గర 2016 డిసెంబర్ 22న అప్పటి పర్యావరణ మంత్రి సెగొలెన్ రాయల్ ఆ రోడ్డును ప్రారంభించారు. పొడవు 1 కిలోమీటరు, ప్యానెళ్ల విస్తీర్ణం 2,800 చదరపు మీటర్లు, ఖర్చు 50 లక్షల యూరోలు. కొలాస్ అనే రోడ్ల నిర్మాణ సంస్థ తయారుచేసిన 'వాట్‌వే' పలకలు వాడారు. వాటి మందం కొన్ని మిల్లీమీటర్లే. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే అతికించారు. ఐదేళ్లలో 1,000 కిలోమీటర్ల సోలార్ రోడ్లు వేస్తామని ఆ ఏడాది మొదట్లోనే మంత్రి ప్రకటించి ఉన్నారు కూడా.

2017లో ఆ రోడ్డు ఇచ్చింది దాదాపు 1,50,000 యూనిట్లు. 2018లో సుమారు 78,000. 2019 జులై చివరి వరకు చూస్తే 38,000 దగ్గర ఆగింది. 2018లోనే సుమారు 90 మీటర్ల ముక్క మరమ్మతుకు కూడా పనికిరాకుండా పోతే తీసేశారు. టైర్ల కింద చప్పుడు ఎక్కువగా వస్తోందని వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించాల్సి వచ్చింది. రాలిన ఆకులు ప్యానెళ్ల మీద కుళ్లిపోయేవి, ట్రాక్టర్ల బరువుకు పలకలు దెబ్బతినేవి. దూరప్రయాణ వాహనాలు తిరిగే రోడ్లకు ఈ పద్ధతి ఇంకా సిద్ధంగా లేదని కంపెనీయే ఒప్పుకుంది. ఆ తర్వాత చిన్నచిన్న అవసరాల వైపు మళ్లింది.

ఈ అంకెలను కాస్త విడదీసి చూడండి. మొదటి ఏడాది, అంటే అన్నీ కొత్తగా ఉన్నప్పుడు, చదరపు మీటరుకు ఏడాదికి 53 యూనిట్లు. అదే వాతావరణంలో 20 శాతం సామర్థ్యం ఉన్న మామూలు ప్యానెల్‌ను ఇంటి కప్పు మీద దక్షిణానికి వంచి పెడితే చదరపు మీటరుకు ఇంచుమించు 200 యూనిట్లు వస్తాయి. ఇక ఖర్చు. మొదటి ఏడాది ఉత్పత్తే 20 ఏళ్లపాటు ఏమీ తగ్గకుండా వస్తుందనుకున్నా మొత్తం 30 లక్షల యూనిట్లు. 50 లక్షల యూరోలను దానితో భాగిస్తే, మరమ్మతుల ఖర్చు కలపకుండానే, యూనిట్‌కు 1.67 యూరోలు పడుతుంది. ఏ లెక్కన చూసినా అది చాలా ఖరీదైన కరెంటు.

అయితే మెయింటెనెన్స్ చేసేవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టింది 53 అన్న అంకె కాదు. రెండో ఏడాదికే ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోవడం. మంచి ప్యానెల్ ఏడాదికి తగ్గేది సుమారు అర శాతం. సగం పోయిందంటే సెల్స్ (ప్యానెల్ లోపల ఎండను కరెంటుగా మార్చే పలుచటి సిలికాన్ బిళ్లలు) ముసలివైపోయాయని అర్థం కాదు. పలకలు పగిలాయి, అతుకులు తెగాయి, వైరింగ్ పోయింది. అంటే ఎండ చాలక వచ్చిన సమస్య కాదది, చక్రాల కింద పెట్టడం వల్ల వచ్చిన సమస్య.

మిగతా ప్రయోగాలు కూడా చూద్దాం. నెదర్లాండ్స్‌లో క్రొమెనీ దగ్గర 2014 నవంబర్‌లో 'సోలారోడ్' పేరుతో 70 మీటర్ల సైకిల్ దారి వేశారు. కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద సెల్స్, పైన సుమారు 1 సెంటీమీటరు మందం గట్టి గాజు. మొదటి ఏడాది 9,800 యూనిట్లు, అంటే చదరపు మీటరుకు 70 దాకా వచ్చాయి. నా ఉద్దేశంలో ఉన్నవాటిలో నిజాయితీగా జరిగిన మంచి ప్రయోగం అదే. ఎందుకంటే వాళ్లు లారీల జోలికి పోలేదు, సైకిళ్లతో మొదలుపెట్టారు. అయినా తెరిచిన కొన్ని వారాలకే చలికి పైపూత కొంత మేర ఊడిపోయింది. చైనాలోని జినాన్‌లో 2017 డిసెంబర్‌లో హైవే మీద కిలోమీటరు పొడవున వేశారు. పైన పారదర్శకమైన కాంక్రీటు, మధ్యలో సెల్స్, కింద ఇన్సులేషన్. తెరిచిన కొద్ది రోజులకే ఎవరో ఒక ముక్కను కోసి ఎత్తుకెళ్లారు. అమెరికాలో 'సోలార్ రోడ్‌వేస్' అనే సంస్థ 2014లో జనం నుంచి 20 లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించింది. 2016లో శాండ్‌పాయింట్ ఊరి కూడలిలో 30 పలకలు మాత్రం పెట్టింది, అదీ నడిచేవాళ్ల కోసం. ప్రారంభించిన రోజు వాటిలో చాలా పలకలు పనిచేయలేదు.

ఇక కారణాలు. అన్నీ ఒకే స్థాయివి కావు, అందుకే కొన్నిటి మీద ఎక్కువ రాస్తాను.

పడుకోబెట్టిన ప్యానెల్, వేడి ప్యానెల్. భూమధ్యరేఖ దగ్గర ప్యానెల్ సమతలంగా ఉన్నా పెద్ద నష్టం లేదు. ఉత్తరానికి పోయేకొద్దీ నష్టం పెరుగుతుంది. నార్మండీ లాంటి చోట అది పది శాతం దాటుతుంది. దానికన్నా ముఖ్యమైనది, ఏటవాలుగా ఉన్న ప్యానెల్‌ను వాన కడిగేస్తుంది. సమతలంగా ఉన్నదాని మీద నీళ్లు నిలిచి, ఆరి, మట్టిని అక్కడే వదిలేస్తాయి. ఇక వేడి. సెల్ ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఉత్పత్తి 3 నుంచి 4 శాతం తగ్గుతుంది. స్టాండ్ మీద ఉన్న ప్యానెల్‌కు వెనక గాలి ఆడుతుంది. రోడ్డుకు అంటించినదానికి ఆ వీలు లేదు, ఎండాకాలం తారు 60 నుంచి 70 డిగ్రీల దాకా పోతుంది. ఇవి చిన్న నష్టాలే. ఇవి ఒక్కటే అయితే నేను సోలార్ రోడ్డును కాదనేవాణ్ని కాను.

నీడ. దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. రోడ్డు మీద వాహనాలు కప్పేది కొద్ది భాగమే కదా, మిగతా అంతా ఎండే కదా అని వాదిస్తారు. విస్తీర్ణం లెక్కన అది నిజమే. కానీ సెల్స్ వరసగా సిరీస్‌లో, అంటే గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి, ఒక సెల్ మీద నీడ పడితే ఆ వరస మొత్తానికి కరెంటు పడిపోతుంది. 60 సెల్స్ ఉన్న మామూలు ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు (నీడ పడిన భాగాన్ని వదిలేసి కరెంటును పక్కదారిలో పంపేవి) ఉంటాయి. ఒక్క సెల్‌ను పూర్తిగా కప్పినా ఆ ప్యానెల్‌లో మూడో వంతు పక్కకు తప్పుకుంటుంది. నేను చూసే ప్లాంట్లలో కంచె పక్కన పెరిగిన ఒక పిచ్చిమొక్క వల్ల స్ట్రింగ్ (సిరీస్‌లో కలిపిన ప్యానెళ్ల వరస) ఉత్పత్తి తగ్గడం మామూలే. కంట్రోల్ రూమ్‌లో గ్రాఫ్ చూడగానే తెలిసిపోతుంది, వెళ్లి మొక్క పీకేస్తాం. రోడ్డు మీద నీడలు ఆగవు, కదులుతూనే ఉంటాయి. ప్యానెళ్ల కరెంటును వాడుకునే రకానికి మార్చే ఇన్వర్టర్, ఎక్కడ ఎక్కువ పవర్ వస్తుందో ఆ వోల్టేజిని వెతికి పట్టుకునేలోపే ఇంకో బండి వస్తుంది. ప్రతి పలకకూ ఒక చిన్న కన్వర్టర్ పెడితే ఇది కొంత తగ్గుతుంది. కానీ అప్పుడు రోడ్డు లోపల ఎలక్ట్రానిక్స్ ఇంకా పెరుగుతాయి, దాని కష్టం కింద చెప్తాను.

బరువు. ఇది అసలైనది. రోడ్డుకు జరిగే నష్టం బరువుతో పాటు సమానంగా పెరగదు. అమెరికాలోని ఇలినాయి రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన ఆషో రోడ్ టెస్ట్ అనే పెద్ద రోడ్డు పరీక్ష నుంచి మాకు ఒక సూత్రం దొరికింది: యాక్సిల్ (ఇరుసు) మీది బరువు ఎంత రెట్లు పెరిగితే, నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 1 టన్ను యాక్సిల్ ఉన్న కారుతో పోలిస్తే 10 టన్నుల యాక్సిల్ ఉన్న లారీ రోడ్డుకు 10,000 రెట్లు నష్టం చేస్తుంది. కాబట్టి కార్లతో పరీక్షించి సోలార్ రోడ్డు బాగుందని చెప్పే వీడియోలను చూసి ఏ నిర్ణయానికీ రాకండి. లారీలు, ట్రాక్టర్లు ఎన్ని పోయాయో అడగండి.

ఇంకో రకంగా చూడండి. సోలార్ ప్యానెళ్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61215 ప్రకారం మామూలు ప్యానెల్‌ను 2,400 పాస్కల్స్ ఒత్తిడితో పరీక్షిస్తారు. మంచు ఎక్కువ కురిసే చోట్లకు 5,400 పాస్కల్స్. లారీ టైరు రోడ్డును తాకే చోట ఒత్తిడి 7,00,000 పాస్కల్స్ దాకా ఉంటుంది. ఈ రెంటినీ నేరుగా పోల్చకూడదు, ప్యానెల్ అంచుల మీద ఆనుకుని ఉంటుంది, రోడ్డు పలకకు కింద అంతా ఆధారం ఉంటుంది. కానీ ఆ ఆధారం అంతటా సమానంగా ఉన్నంతవరకే. కింద బేస్ ఎక్కడో ఒకచోట రెండు మిల్లీమీటర్లు కుంగితే పలక ఆ గుంత మీద వంతెనలా నిలబడుతుంది. తారు అయితే మెల్లగా వంగి ఆ ఆకారానికి సర్దుకుంటుంది. గాజు సర్దుకోదు, పగులుతుంది. సిలికాన్ సెల్ అంతకన్నా పెళుసు, గాజు పగలకముందే లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు, ఉత్పత్తి మాత్రం పడిపోతుంది.

బరువుతో పాటు బ్రేక్ వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు పక్కకు లాగే బలం ఉంటుంది. పేవ్‌మెంట్ పనిలో సిగ్నళ్ల దగ్గర, బస్సులు ఆగే చోట తారు ముడతలు పడి పక్కకు జరిగిపోవడం ఎన్నోసార్లు చూశాం. పలకను కిందకు పట్టి ఉంచే జిగురు మీద కూడా అదే బలం రోజంతా పనిచేస్తుంది.

పట్టు, వెలుతురు ఒకదానికొకటి అడ్డం. రోడ్డు ఉపరితలం గరుకుగా ఉండాలి, తడిలో కూడా టైరు జారకూడదు. ప్యానెల్ పైభాగం నున్నగా, పారదర్శకంగా ఉండాలి. గాజును గరుకు చేస్తే వెలుతురు చెదిరిపోతుంది, ఆ సందుల్లో మట్టి చేరుతుంది. నున్నగా వదిలేస్తే వానలో బండి ఆగదు. పైగా కొత్తగా ఉన్నప్పుడు గరుకుగా ఉన్నది కూడా కొన్నాళ్లకు అరిగి నున్నబడుతుంది. కంకర రాయిని ఎంచుకునేటప్పుడు అది ఎంత త్వరగా పాలిష్ అవుతుందో చూసి గానీ వాడం, ఇందుకే. గాజు కాఠిన్యం మోస్ స్కేలు మీద 5.5 చుట్టుపక్కల, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. అంటే రోడ్డు మీద పడిన ప్రతి ఇసుక రేణువూ టైరు కింద నలిగి గాజును గీస్తుంది. గీతలు పడిన గాజు మసకబారుతుంది. దీనికి తోడు టైర్ల నుంచి రాలే రబ్బరు పొడి, నూనె మరకలు. దారి పక్క వరసల్లో ఉన్న ప్యానెళ్లను కడిగేటప్పుడు మాకిది బాగా తెలుస్తుంది. లోపలి వరసల మీద దుమ్ము ఉత్త నీళ్లకే పోతుంది, దారి పక్క వాటి మీది నల్లటి జిడ్డు రుద్దితే గానీ వదలదు. రోడ్డు మీద చక్రాల కిందే ఉన్నవాటిని ఎవరు, ఎప్పుడు, ట్రాఫిక్ ఆపి రుద్దాలి?

పొరలు ఊడిపోవడం. గాజు, సిలికాన్, ప్లాస్టిక్, కాంక్రీటు అన్నీ వేడికి ఒకేలా వ్యాకోచించవు. 50 డిగ్రీల తేడాకు ఒక మీటరు గాజు అర మిల్లీమీటరు కూడా సాగదు. ఒక మీటరు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ 3 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. వీటిని ఒకదానికొకటి అతికించి, పగలు కాల్చి, రాత్రి చల్లార్చి, మధ్యలో లారీలతో తొక్కిస్తే ఏదో ఒక పొర విడిపోతుంది. క్రొమెనీలో పైపూత ఊడింది ఈ రకంగానే, అక్కడ లారీలు కూడా లేవు.

నీళ్లు, వైర్లు. మీరు ఏ ప్రకటనలోనూ దీని గురించి చదివి ఉండరు, నా అనుభవంలో ఇదే ముందుగా దెబ్బతీస్తుంది. పేవ్‌మెంట్ లోపల ఒత్తిడి కొలవడానికి సెన్సార్లు పాతిపెట్టే పని చాలాకాలం చేశాను. ముందు పోయేది దాదాపు ఎప్పుడూ సెన్సార్ నుంచి బయటకు వచ్చే వైరే. రోలర్ తొక్కినప్పుడో, పొరలు కుంగినప్పుడో, అతుకు దగ్గర నీరు చేరినప్పుడో తెగుతుంది. కొలతల కోసం పెట్టిన సెన్సార్లు కొన్ని పోయినా నష్టం లేదు, అందుకే ముందే ఎక్కువ పెడతాం. కరెంటు తీయడానికి పెట్టిన సిరీస్‌లో ఒక అతుకు పోతే ఆ స్ట్రింగ్ మొత్తం పోయినట్టే.

ఒక ఆఫీసు భవనం ముందున్న ఆవరణలో నేలలో అమర్చిన సోలార్ పలకలు సరిగా పనిచేయడం లేదని నన్ను పిలిచారు. అక్కడ మనుషులు నడుస్తారంతే, బండ్లు లేవు. ఫిర్యాదు ఏమిటంటే ఇన్వర్టర్ ఉదయం ఆన్ కాదు, మధ్యాహ్నానికి దానంతట అదే ఆన్ అవుతుంది. ఇన్వర్టర్ మార్చి చూశారు, ఫలితం లేదు. మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజి పెట్టి కరెంటు బయటకు లీకవుతోందా అని చూసే మీటరు) ఇన్సులేషన్ చూస్తే పొద్దున్నే విలువ బాగా తక్కువ, ఎండెక్కేకొద్దీ పెరుగుతోంది. పలకల కింది గాడుల్లో మంచు తేమ, కడిగిన నీళ్లు చేరి కనెక్టర్లు తడుస్తున్నాయి. లీకేజీ ఉందని ఇన్వర్టర్ స్టార్ట్ కావడానికి ఒప్పుకోవడం లేదు. అది చేయవలసిన పనే చేస్తోంది. కనెక్టర్లు మార్చాం, గాడులకు నీరు పోయే వాలు పెట్టాం, కొన్నాళ్లు బాగుండి మళ్లీ అదే మొదలు. చివరికి వాళ్లు అంతే విస్తీర్ణంలో తల మీద పందిరి వేయించి ప్యానెళ్లను పైకెక్కించారు. నీడ కూడా దొరికింది. ఉత్పత్తి పెరిగింది, ఇన్వర్టర్ ట్రిప్ అవడం ఆగింది. అదే ఎండ, అదే ఆవరణ, స్థానం మారిందంతే.

రోడ్డు అరిగిపోవడానికే వేస్తాం. ఈ మాట సివిల్ వాళ్లకు తప్ప మిగతావాళ్లకు వింతగా ఉంటుంది. తారు పైపొర ఖర్చయిపోయే వస్తువు. పది పదిహేనేళ్లకు మిల్లింగ్ చేసి, అంటే యంత్రంతో గీకి తీసేస్తాం, ఆ ముక్కల్నే కొత్త తారులో కలిపి మళ్లీ వేస్తాం. మధ్యలో పైపు పగిలితే తవ్వుతాం, కేబుల్ వేయాలంటే తవ్వుతాం, తర్వాత ప్యాచ్ వేసి రోలర్ తిప్పితే సాయంత్రానికి బండ్లు నడుస్తాయి. సోలార్ ప్యానెల్ అందుకు పూర్తిగా వేరు. పాతికేళ్లు ఎవరూ ముట్టుకోకపోతేనే పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. త్వరగా మార్చేదాన్ని, కదిలించకూడనిదాన్ని ఒకే పొరలో కలిపితే రెండింటి సుగుణమూ పోతుంది. గుంత పూడ్చాలంటే ఎలక్ట్రీషియన్ రావాలి, పలక మార్చాలంటే ట్రాఫిక్ ఆపాలి.

ఎవరైనా మంచును తనంతట తాను కరిగించే రోడ్డు అని చెబితే ఈ లెక్క వేయండి. 10 సెంటీమీటర్ల తాజా మంచు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. సున్నా డిగ్రీల దగ్గర కిలో మంచును కరిగించడానికి 334 కిలోజౌళ్లు కావాలి. మొత్తం 0.93 యూనిట్. చలికాలం, మంచు కింద ఉన్న ప్యానెల్ ఇచ్చేది సున్నా. అంటే ఆ కరెంటు బయటి నుంచే రావాలి. రోడ్డు గీతలను ఎల్‌ఈడీలతో వెలిగించడం కూడా ఇంతే, మిట్టమధ్యాహ్నం ఎండలో అవి కనిపించాలంటే చాలా కరెంటు తింటాయి.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఇంటి కప్పు మీది ప్యానెళ్లు కూడా ఒకప్పుడు ఖరీదే కదా, టెక్నాలజీ పెరిగితే రోడ్లవీ చవకవుతాయి కదా? న్యాయమైన ప్రశ్న. కానీ సెల్ ఎంత మెరుగుపడినా ఆ లాభం కప్పు మీది ప్యానెల్‌కూ సమానంగా అందుతుంది. రెండింటి మధ్య తేడా సెల్‌లో లేదు. మందపాటి గాజు, జిగురు, వైరింగ్, ట్రాఫిక్ ఆపడం, మట్టి, నీడ, వీటిలో ఉంది. పైగా సెల్స్ చవకయ్యేకొద్దీ మొత్తం ఖర్చులో ఈ మిగతావాటి వాటాయే పెరుగుతుంది. అంటే సోలార్ చవకైన ప్రతి ఏడాదీ రోడ్డు ప్యానెల్ పోలికలో ఇంకా వెనకబడుతోంది.

మరి ఎక్కడా పనికిరాదా? పనికొస్తుంది. కరెంటు లైను లేని చోట ఒక సైకిల్ కౌంటరుకో, కెమెరాకో, దారి దాటే చోట హెచ్చరిక దీపానికో కొద్ది వాట్లు కావాలనుకోండి. కేబుల్ కోసం కందకం తవ్వే ఖర్చుతో పోలిస్తే నేల మీద అతికించిన కొన్ని పలకలు చవకే కావచ్చు. వాట్‌వే వాళ్లు తర్వాత మళ్లింది ఇటే, అది సరైన నిర్ణయం. స్తంభం పాతితే కారు గుద్దుతుందనో, చూపుకు అడ్డమనో ఇష్టపడని చోట్లూ ఉంటాయి. నడిచే దారులు, సైకిల్ దారులు, బరువు లేని చౌక్‌లు కూడా పరిశీలించవచ్చు, నీళ్లు పోయే దారి బాగా ఆలోచించి కడితే.

పెద్ద మొత్తంలో కరెంటు కావాలంటే మాత్రం రోడ్డు స్థలాన్ని వాడుకోండి, రోడ్డు ఉపరితలాన్ని వదిలేయండి. స్విట్జర్లాండ్‌లో ఏ13 హైవే పక్కన శబ్దాన్ని ఆపే గోడ మీద 1989లోనే ప్యానెళ్లు పెట్టారు. అమెరికాలోని ఒరెగాన్‌లో హైవే కూడలి పక్కన ఖాళీ స్థలంలో 2008లో పెట్టారు. దక్షిణ కొరియాలో డేజాన్, సెజోంగ్ నగరాల మధ్య హైవే నడిమధ్యన ఉన్న సైకిల్ దారి మీద కిలోమీటర్ల కొద్దీ ప్యానెళ్ల కప్పు ఉంది. తొక్కేవాళ్లకు నీడ, పైన కరెంటు. ఫ్రాన్సే 2023లో చట్టం చేసి 1,500 చదరపు మీటర్లు దాటిన పార్కింగ్ స్థలాల్లో కనీసం సగం మేర సోలార్ పందిళ్లు ఉండాలంది. పార్కింగ్‌లో బండ్ల కింద పెట్టకుండా వాటి పైన పెట్టమన్నారు, గమనించండి. స్విట్జర్లాండ్‌లోనే 2025లో ఒక సంస్థ రైలు పట్టాల మధ్య తీసి పెట్టుకోగలిగే ప్యానెళ్లను 100 మీటర్ల మేర అమర్చింది. మురికి, కుదుపు సమస్యలు అక్కడా ఉంటాయి, కానీ చక్రం ప్యానెల్‌ను తొక్కదు. దాని ఫలితాల కోసం నేను ఆసక్తిగా చూస్తున్నాను.

రోడ్డు ఉపరితలం నుంచే శక్తి తీయాలన్న పట్టుదల ఉంటే వేడి తీయండి. తారు నల్లగా ఉంటుంది, ఎండను బాగా పీల్చుకుంటుంది, ఆ వేడిని లోపల పాతిన పైపుల్లో ద్రవం తిప్పి తీసుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో డార్లిగెన్ దగ్గర ఏ8 వంతెన మీద 1994లో సెర్సో అనే పథకం ఇలాగే కట్టారు. ఎండాకాలం వంతెన మీది వేడిని పక్కనున్న రాతి నేలలో బోర్లు వేసి దాచి, చలికాలంలో అదే వేడితో వంతెన మీద మంచు గడ్డకట్టకుండా చూశారు. ఇక్కడ పారదర్శకత అక్కర్లేదు, పైపొర మామూలు రోడ్డే, టైరు పట్టు ఎక్కడికీ పోదు. ఇంత చక్కటి ఆలోచనకు సోలార్ రోడ్డుకు వచ్చిన ప్రచారంలో కొంచెం కూడా రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ ప్రాజెక్టు. "సోలార్ రోడ్డు తయారీ" అని పెట్టుకుంటే ఒక పలక చేసి, బల్బు వెలిగించి, ఫొటో తీసి ముగుస్తుంది. దానికి బదులు గరుకు పెంచితే వెలుతురు ఎంత తగ్గుతుంది అన్న ఒక్క ప్రశ్న తీసుకోండి. ఒకే రకం చిన్న ప్యానెళ్లు నాలుగైదు తెచ్చుకోండి. ఒకదానిమీద నున్నటి గాజు, మిగతావాటిమీద ఎపాక్సీలో గాజు రవ్వ వేర్వేరు పరిమాణాల్లో కలిపి పూయండి. మీ సివిల్ విభాగం ల్యాబ్‌లో పెండ్యులం టెస్టర్ ఉంటే తడి ఉపరితలం మీద పట్టు కొలవండి. బయట ఎండలో ప్యానెల్ షార్ట్ సర్క్యూట్ కరెంటు (రెండు వైర్లనూ నేరుగా మీటరుకు కలిపినప్పుడు పారేది) కొలిస్తే ఎంత వెలుతురు లోపలికి పోతోందో తెలుస్తుంది. ఈ రెండింటినీ ఒకే గ్రాఫ్ మీద గీయండి. తర్వాత ఇసుక చల్లి, రబ్బరు చక్రంతో రుద్ది, మళ్లీ రెండూ కొలవండి. గ్రాఫ్ మీద చుక్కలు ఎటు జరిగాయన్నదే మీ ఫలితం. సమయం ఉంటే ఒక ప్యానెల్‌ను నేలకు ఆనించి, ఒకదాన్ని ఏటవాలుగా స్టాండ్ మీద పెట్టి నెలరోజులు ఉష్ణోగ్రత, ఉత్పత్తి లాగర్‌లో (కొలతలను దానంతట అదే రాసిపెట్టే పరికరం) నమోదు చేయండి. నేల మీదిదాన్ని కడగకుండా వదిలేయండి.

నేల మీద ప్యానెల్‌కు ఇన్సులేషన్ టెస్ట్ కూడా చేయాలనిపిస్తే పొద్దున్నే తడి ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేయండి. మెగ్గర్ పెట్టేముందు లాగర్‌ను, కన్వర్టర్‌ను తప్పకుండా విడదీయండి, ఆ వోల్టేజికి అవి కాలిపోతాయి. ఎండలో ఉన్న ప్యానెల్‌కు స్విచ్ ఆఫ్ అంటూ ఉండదు, కాబట్టి వైర్లు పట్టుకునే ముందు దాన్ని మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పండి.